కొత్త ఇంట్లో రాత్రిళ్లు పాప భయం: సమాధానం

కొత్త ఇంటికి మారాక, ఆస్తమా ఉన్న మీ పాప రాత్రిళ్లు గోడలో ఎవరో నడుస్తున్నారని భయపడుతోందని, ఏం చేయాలని అడిగారు. తను అంటున్నది అబద్ధం కాకపోవచ్చు. పగలు వేడెక్కిన చెక్క రాత్రి చల్లబడి ముడుచుకుంటూ టక్కుమంటుంది. ఆస్తమా దగ్గుతో నిద్ర చెదిరిన పిల్లకి ఆ టక్కుటక్కులు అడుగుల చప్పుడే.

1. చాలామంది వదిలేసేది ఇదే. "ఏమీ లేదు, పడుకో" అనకుండా, పగలే తనతో కలిసి ఆ చప్పుడు వెతకండి. తలుపు తనే కిర్రుమనిపించాలి, పేరు తనే పెట్టాలి. మావాడు నీళ్ల పైపుకి 'గురకయ్య' అని పెట్టాడు, ఇంకేం భయం!

2. గోడకి చెమ్మ, బూజు ఉంటే గది మార్చండి. దగ్గు పెరిగేది వాటివల్లే కావచ్చు.

3. పాపకి మాంటెలుకాస్ట్ అనే ఆస్తమా మందు వాడుతున్నారా? దాని సైడ్ ఎఫెక్టుల్లో పీడకలలున్నాయి. సొంతంగా ఆపొద్దు, ఇవాళే డాక్టర్‌కి చెప్పండి.