వరదలో ఇల్లు పోయినవాళ్ళను ఇంటికి రమ్మన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాసేది.

ఇల్లు మునిగిపోయిన కుటుంబాన్ని మీ ఇంట్లో ఉంచుకుంటున్నామని నువ్వు ఫోన్లో చెబితే సంతోషంతో నాకు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక కాస్త భయమూ వేసింది. ఒకసారి మా ఇంట్లో అలాగే అయిదుగురు నలభై రోజులు ఉన్నారు. మొదటి వారం నేను చేసిన పొరపాటు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వాళ్ళు వచ్చిన మర్నాడు ఇరుగుపొరుగు పలకరించడానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నీళ్ళు ఎలా వచ్చిపడ్డాయో ఆ కుటుంబంలోని తల్లి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. "చెప్పమ్మా" అని నేనే అన్నాను. నాలుగోసారి మధ్యలో ఆగిపోయింది. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. జరిగింది చెప్పమని బలవంతపెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. వాళ్ళంతట వాళ్ళు చెబితే చేతిలో పని పక్కన పెట్టి విను. లేదంటే అడక్కు. చూసి పోదామని వచ్చేవాళ్ళను గుమ్మంలోనే నువ్వు ఆపాలి. నీ ఇంట్లో ఉంటూ "రావద్దు" అన్న మాట ఆ కుటుంబం అనలేదు కదా.

వాళ్ళ ఆరేళ్ళ పిల్లాడు రాత్రి చెప్పులు వేసుకునే పడుకునేవాడు. మళ్ళీ నీళ్ళొస్తే పరిగెత్తాలి కదా అన్నాడు. విప్పమనలేదు. చెప్పులు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పడుకునే వేళకి నేనే తొడిగేదాన్ని. ఇరవై రోజులు దాటాక ఒక రాత్రి వాడే విప్పి మంచం పక్కన పెట్టుకున్నాడు. పిల్లలు పక్క తడపడం, వాన చప్పుడుకి ఉలిక్కిపడటం ఇలాంటప్పుడు మామూలే. కోప్పడకండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

వచ్చిన రాత్రే మందుల సంగతి అడుగు. బీపీ, షుగర్ మాత్రలు ఇంట్లోనే వదిలేసి వచ్చుంటారు, మొహమాటానికి చెప్పరు. సబ్బు, తువ్వాళ్ళు, ఛార్జర్, ఆడవాళ్ళకి ప్యాడ్లు వాళ్ళ గదిలోనే పెట్టెయ్యి. ప్రతిదానికీ నోరు తెరిచి అడగాల్సి రావడమే వాళ్ళకి అన్నిటికంటే కష్టం. గదికి లోపలి గడియ సరిగ్గా పడుతుందో లేదో చూడు. ఇంటి తాళంచెవి ఒకటి చేతికివ్వు. నీళ్ళు చూసుకో. శిబిరాల్లోనే మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు లెక్క వేస్తారు, ఇంట్లో అంతకంటే ఎక్కువే అవుతాయి.

పని చేస్తామంటే వద్దనకు. ఆవిడ గిన్నెలు తోముతుంటే మొదట్లో నేను చేతిలోంచి లాక్కునేదాన్ని. మొహం చిన్నబుచ్చుకునేది. తర్వాత ఒక పూట వంట ఆవిడకే వదిలేశాను. ఉప్పు సరిపోయిందా అని ఆ రోజు గట్టిగా, ఇంటావిడలా అడిగింది.

ఎన్నాళ్ళుంటారన్న మాట మొదటి రెండు రోజుల్లోనే అనేసుకోండి. "ముందు నెల రోజులు అనుకుందాం, అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం" అంటే చాలు. చెప్పకపోతే రోజూ నీ మొహం చూసి లెక్కలు వేసుకుంటూ ఉంటారు, ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. శిబిరంలో లేనివాళ్ళ పేర్లు సాయం జాబితాల్లోంచి జారిపోతుంటాయి. మీ ఇంటి అడ్రసుతో పేర్లు రాయించారో లేదో నువ్వు దగ్గరుండి చూడు. తడిసిన సర్టిఫికెట్లు ఎండలో పెట్టకుండా, ఇస్త్రీ చెయ్యకుండా, విడివిడిగా నీడలో పరిచి గాలికి ఆరనివ్వు. రెండు రోజుల్లో ఆరేలా లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచు, బూజు పట్టదు. తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

మునిగిన ఇల్లు చూసుకోవడానికి మొదటిసారి వెళ్ళేటప్పుడు వాళ్ళను ఒంటరిగా పంపకు, మీ ఆయన్ని తోడు పంపు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా కరెంటు వెయ్యకూడదు. బురద ఎత్తకముందే ప్రతి గదినీ ఫోటోలు తియ్యాలి, నష్టపరిహారం అడిగేటప్పుడు ఆధారంగా పనికొస్తాయి. ఆ రోజు తిరిగొచ్చేసరికి వేడినీళ్ళు, భోజనం సిద్ధంగా ఉంచు. పిల్లల్ని ఆ పూటకి నీ దగ్గరే పడుకోబెట్టుకో.

వచ్చే ఆదివారం నేనూ వస్తున్నాను. రెండు పరుపులు, దుప్పట్లు తెస్తాను. ఇంకేం కావాలో మీ ఇంటికొచ్చినవాళ్ళనే అడిగి చెప్పు.

మీ పెద్దమ్మ