వట్టి మనిషివి కాదంటూ షూ అటకెక్కించారు

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మేం విశాఖపట్నంలో ఉంటాం. ఆరేళ్లుగా పరుగెడుతున్నాను. 10కె రన్‌లు నాలుగు పూర్తి చేశాను. ఇప్పుడు ఐదో నెల. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, వేగం తగ్గించుకుని పరుగెత్తవచ్చన్నారు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు, మధ్యమధ్యలో నడుస్తూ వెళ్తున్నాను. రోజూ ఎవరో ఒకరు ఆపి ‘ఇంట్లో పెద్దవాళ్లు లేరా అమ్మా?’ అంటున్నారు. పోయిన వారం ఎవరో వీడియో తీశారు. అది చేతులు మారి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది. ఆ రోజే అత్తయ్య నా షూ తీసి అటక మీద పెట్టేశారు. రెండేళ్ల కిందట నాకు రెండో నెలలో గర్భం పోయింది. అది పరుగు వల్లేనని ఆవిడ నమ్మకం. మావారేమో ‘ఎందుకొచ్చిన గొడవ, నాలుగు నెలలేగా, మానెయ్’ అంటున్నారు. నేను తప్పు చేస్తున్నానా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం చదువుతూ అటక దగ్గర ఆగిపోయాను. షూ దించుకోవడానికి మీరు స్టూలు ఎక్కారా? ఎక్కితే ఇంకెప్పుడూ ఎక్కకండి. చదునైన రోడ్డు మీద మెల్లగా పరుగెత్తే గర్భిణి కన్నా, ఊగే స్టూలెక్కి చేతులు పైకి చాచే గర్భిణిని తలచుకుంటేనే నాకు టెన్షన్.

తప్పేమీ చేయడం లేదమ్మా. ముందు నుంచి అలవాటున్న మనిషి, గర్భంలో ఏ చిక్కూ లేకపోతే, డాక్టరుకు చెప్పి పరుగు కొనసాగించవచ్చన్నదే ఇప్పటి వైద్యుల మాట. ఒకప్పుడు వైద్యులు కూడా ఇంత ధైర్యంగా చెప్పలేదు. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం, గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని, గట్టి వ్యాయామం 15 నిమిషాలు దాటకూడదని రాసింది. 1994లో ఆ హద్దులు తీసేసింది. ఇప్పుడు అదే సంఘం, ఆరోగ్యంగా ఉన్న గర్భిణులు వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలంటోంది. మీ అత్తయ్య కాన్పుల నాటికి డాక్టర్లే భయపడుతుండేవారు. ఆవిడ భయపడటంలో వింతేముంది?

ఇక రోడ్డు మీద జనం. మన దగ్గర నెల తప్పిందని తెలియగానే ఆ కడుపు ఊరందరిదీ అయిపోతుంది. ‘నువ్విప్పుడు వట్టి మనిషివి కాదు’ అంటారు. బస్సులో లేచి సీటిచ్చేదీ, పక్కింటి నుంచి పులిహోర పంపేదీ ఆ మాటతోనే. మిమ్మల్ని ఆపి మందలించేదీ దాంతోనే. అందుకే వాళ్లందరినీ చెడ్డవాళ్లుగా చూడలేను. కానీ అదే ఊళ్లో ఏడో నెలలో ఇసుక తట్ట మోసే కూలీ మనిషిని ఆపి, పెద్దవాళ్లు లేరా అని ఎవరూ అడగరు. ఆవిడ మోస్తోంది కాబట్టి మీరు పరుగెత్తవచ్చని నేననడం లేదు. రోజంతా బరువులెత్తడం గర్భిణికి మంచిది కాదు, అది వేరే సంగతి. కూలికోసం చేసే కష్టం ఎవరి కంటా పడదు. తన ఇష్టం కోసం చెమటోడ్చే గర్భిణి కనబడితే మాత్రం ఫోన్లు బయటికొస్తాయి. 2014లో అమెరికా జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లో ఎలీసియా మొంటానో అనే రన్నర్ 34 వారాల గర్భంతో 800 మీటర్లు పరుగెత్తి, చివరి స్థానంలో వచ్చింది. డాక్టరును అడిగే దిగింది. స్టేడియంలో చప్పట్లు కొట్టారు, బయట తిట్టినవాళ్లూ ఉన్నారు. మొత్తం రెండు నిమిషాల ముప్పై రెండు సెకన్ల పరుగు.

దారిలో ఆపేవాళ్లకు ఒకే ముక్క చాలు: ‘డాక్టరుగారికి తెలుసండీ’. ఆగకుండా, నవ్వుతూ చెప్పి సాగిపోండి. బీచ్ రోడ్డులో నిలబడి వాదించడానికి మీకు ఊపిరి దండగ.

అత్తయ్యతో మాత్రం ఆ ఒక్క ముక్కతో సరిపోదు. ఆవిడ దాచింది షూ అయినా, మనసులో ఉన్నది రెండేళ్ల కిందటి బిడ్డే. ఆ రోజు తర్వాత మీ ఇంట్లో ఎవరైనా దాని గురించి నోరు విప్పి మాట్లాడుకున్నారా? చాలా ఇళ్లలో మాట్లాడుకోరు. ఆవిడ ఆ తప్పు పరుగు మీదికి తోసేసి ఊరుకున్నారు. ఆ మాట మీకు ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. ఆవిడ నోటి వెంట వచ్చిన ప్రతిసారీ ‘నీవల్లే పోయింది’ అన్నట్టు వినిపిస్తుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, పిండంలో క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. తల్లి మంచం దిగకుండా పడుకున్నా అవి నిలవవు. ఈ మాట మీరు చెబితే ఆవిడకు ఎదురు చెప్పినట్టుంటుంది. బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసే టిఫా స్కాన్‌కు వెళ్లే రోజు ఆవిడను వెంట తీసుకెళ్లండి. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టకుండా డాక్టరు గదిలోకే రమ్మనండి. తనకున్న సందేహం తన నోటితోనే అడగనివ్వండి. మధ్యలో మీరు అందుకోకండి. ఇంటికొచ్చాక దిష్టి తీస్తానంటే తీయించుకోండి. దాని వల్ల మీ పరుగుకేం అడ్డు?

ఆ స్కాన్‌తో మీకూ పనుంది. మాయ (ప్లసెంటా) కిందికి ఉందంటే, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందంటే, పరుగు సంగతి మళ్లీ మొదటి నుంచి డాక్టరుతో మాట్లాడాల్సిందే. బీపీ పెరిగినా, రక్తం బాగా తగ్గినా అంతే. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత వేగమే మీ వేగం. ఇసుకలోకి దిగకండి, కాలు మడతపడుతుంది. మన తీరంలో ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పాలా, నీళ్ల సీసా మరవకండి. రక్తం కనిపించినా, నీరు పోతున్నట్టున్నా, కడుపు పదేపదే బిగుసుకుని నొప్పి పెట్టినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా అక్కడే ఆగిపోయి ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఒక సంగతి కాస్త భయపడుతూనే రాస్తున్నాను. ఇంతమంది వద్దంటుంటే మనిషికి పంతం వస్తుంది. ఒంట్లో బాగోలేని రోజున కూడా, వాళ్ల ముందు ఓడిపోకూడదని షూ వేసుకునే ప్రమాదం ఉంది. పొట్ట పెరిగేకొద్దీ ఒంటి బ్యాలెన్స్ మారుతుంది, కీళ్లు వదులవుతాయి. ఏడో నెలకల్లా నడకలోకి దిగిపోయే రన్నర్లు చాలామందే ఉంటారు. మీకూ అలా అనిపిస్తే ఆ రోజే మానేయండి. ‘చూశావా, మేం చెప్పలేదూ’ అని ఎవరైనా అంటే అననివ్వండి.

మీవారి గురించి రెండు మాటలు. నాలుగు నెలలేగా అనడం తేలిక, ఆ నాలుగు నెలలూ ఆయనవి కావు కదా. ఆయన మీ వైపూ లేరు, తల్లి వైపూ లేరు, గొడవ లేని వైపున్నారు. ఆయనకు మూడు పనులు అప్పజెప్పండి. ఆ వీడియో తీసేయమని అపార్ట్‌మెంట్ గ్రూపులో తన పేరుతో తానే రాయాలి. మీరు పరుగెత్తే మూడు రోజుల్లో ఒక్కరోజైనా పక్కన నడవాలి, సైకిల్ మీద వచ్చినా పర్వాలేదు. డాక్టరుతో మాట్లాడి వచ్చాక, అత్తయ్య చూస్తుండగా, స్టూలెక్కి ఆ షూ ఆయనే దించాలి.