కొట్టుకెళ్ళే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్ములుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు సొంతంగా ఎగిరే మోడల్ విమానం కడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన ఇంట్లో మళ్ళీ ఒకరు బాల్సా చెక్క పడుతున్నారంటే సంతోషం కాదూ! అయితే సామానంతా కోఠీలో మేడ మీద ఎవరో చిన్న కొట్టాయన దగ్గర కొంటావని విన్నాక గుబులు మొదలైంది. భయం కొట్టాయన గురించి కాదు, నీలో ఉన్న మీ నాన్న రక్తం గురించి. చవకగా వస్తుందంటే ఆగదది.

ఆన్‌లైన్ కంటే ఆయన దగ్గరే కొను. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, ఏ రెండు షీట్లూ ఒక్క బరువు ఉండవు. కట్ట విప్పించి ఏరుకునే వీలు కొట్లోనే ఉంటుంది. మొహమాటపడకుండా వంటింటి డిజిటల్ కాటా సంచీలో వేసుకెళ్ళు. 36 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం షీటు 20 గ్రాముల చుట్టుపక్కల తూగితే రెక్కకి తీసుకో. 35 తూగేది పక్కన పెట్టెయ్. అడ్డంగా వంచితే సులువుగా గుండ్రం తిరిగేది ముక్కు దగ్గర చుట్టడానికి పనికొస్తుంది. చేప పొలుసుల్లా మచ్చలుండి మొండికేసేది రిబ్బులకి, అంటే రెక్క లోపలి అడ్డపట్టీలకి.

మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, ప్రొపెల్లర్ ఒకదానికొకటి సరిపోతాయో లేదో ఆయన్నే అడిగి చీటీ మీద రాయించుకో. రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లు, అదే సర్వోలు, అక్కడే తిప్పించి చూడు. సూపర్ గ్లూ చిన్న సీసాలే కొను.

ఇక బ్యాటరీ. ఇది నిదానంగా చదువు.

మీ హాల్లో టీవీ స్టాండు కింద గచ్చు మీద నల్లమచ్చ ఉంది చూశావా? కుంపటి బోర్లాపడిందని నీకు చెప్పారు. అబద్ధం. అది మీ నాన్న నిర్వాకం. ఒక కొట్లో 2200 ఎంఏహెచ్ మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ప్యాకు సగం ధరకే ఇస్తున్నారని ఎగిరి గంతేసి తెచ్చాడు. కొట్టతను మోసగాడేం కాదు, "నిండా చార్జ్ చేసి పెట్టింది ఏడాదిగా అమ్ముడుపోలేదు సార్, అందుకే తగ్గిస్తున్నా" అని చెప్పే ఇచ్చాడు. మీ నాన్నకి అందులో "తగ్గిస్తున్నా" ఒక్కటే వినిపించింది. వాడకుండా ఉంచే లైపోని సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. నిండా చార్జ్‌తో, అంటే 4.2 మీద, నెలల తరబడి ఉంచితే లోపల గ్యాస్ పట్టి ఉబ్బుతుంది. నొక్కితే మెత్తగా తెలుస్తూనే ఉంది కూడా. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే సరిగ్గా 11.1 చూపించింది. ప్యాకు మీద అచ్చేసిందీ అంతే కదా అని మురిసిపోయాడు. అది మొత్తం మూడింటి లెక్క! రెండు సెల్స్ 4.1 దగ్గరుంటే మూడోది 2.9కి చతికిలబడినా కూడితే 11.1 అవుతుంది. ఆయన చార్జర్‌కి ఒక్కో సెల్‌నీ విడిగా చూసుకునే బ్యాలెన్స్ తీగ పెట్టే చోటే లేదు. మొత్తం 12.6 అయ్యేదాకా కరెంటు పంపుతూనే ఉంటుంది. నీరసపడ్డ సెల్ పైకి రాకపోతే ఆ లోటంతా మిగతా రెండింటి నెత్తిన పడి, అవి 4.2 దాటిపోతాయి. ఆ ప్యాకుని హాల్లో పరుపు పక్కన చార్జింగ్ పెట్టి, వంటింట్లో భోజనానికి కూర్చున్నాడు.

బుస్సుమంది. తెల్లటి పొగ. పరుపు, కర్టెన్లు అంటుకున్నాయి. పక్కన ఇల్లు కడుతుంటే అక్కడి ఇసుక మీ అమ్మ తట్టతో తెచ్చి పోసింది. మీ నాన్న మాత్రం కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. రోజూ ఆ పరుపు మీద పడుకునేది నువ్వు తల్లీ. ఎండాకాలం సెలవులని అమ్మమ్మ దగ్గరున్నావు.

అందుకని, కొట్లోనే ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా చూపించే సెల్ చెకర్ పెట్టించు. అంకెల మధ్య తేడా 0.05 వోల్టులు మించితే వద్దను. ఉబ్బిందైతే ఊరికే ఇచ్చినా ముట్టుకోకు. కక్కుర్తి పడకుండా మంచి బ్యాలెన్స్ చార్జర్ కొనుక్కో. 2200 ప్యాకుకి 2.2 ఆంపియర్లు మించనీకు. గచ్చు మీద, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని, నువ్వు కళ్ళెదురుగా ఉండగానే చార్జ్ చెయ్యి. హాస్టల్ మంచం మీద పెట్టావని తెలిసిందో, ఆ రాత్రే బస్సెక్కి వస్తాను.

మా ఎన్‌సీసీ రోజుల్లో ఈ గొడవ లేదు. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపి చిన్న డీజిల్ ఇంజన్లో పోసేవాళ్ళం. ఆ కంపుకి మీ అమ్మమ్మ నన్ను బావి దగ్గరే ఆపేసేది. ఈథర్ సీసా పక్కనే బీడీ కాల్చిన మహానుభావులూ ఉన్నారులే.

కొట్టాయనతో గీచి గీచి బేరమాడకు. మొదటిసారి నీ విమానం కూలుతుంది, ఏడవకు. సాయంత్రానికి ఒక్క ప్రొపెల్లర్ కావాలంటే పరిగెత్తాల్సింది ఆయన దగ్గరికే. రసీదు మాత్రం అడుగు. ఎగరేసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలన్నీ మీ చుట్టూనే ఉన్నాయి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం మోడల్ విమానం కంటికి కనపడేంత దూరంలోనే ఉండాలి.

వెళ్ళినప్పుడు 1.5 మిల్లీమీటర్ల బాల్సా నాలుగు షీట్లు నాక్కూడా తీసుకో, తేలికవి చూసి. డబ్బు ఫోన్‌పే చేస్తాను. మీ అత్తయ్యకి చెప్పకు.

మీ మావయ్య