షీటు మడవకుండా మొత్తం కుంచించుకుపోతోందా? ఓవెన్ మానేసి దీపం వాడండి

మీ అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు కోసం ష్రింక్ ప్లాస్టిక్ మీద నల్ల గీతలు ప్రింట్ చేసి ఓవెన్‌లో పెడితే, పెట్టెలా మడవకుండా షీటంతా ముడుచుకుపోయిందన్నారు కదా. గీతల్లో తప్పేం లేదండీ, ఇబ్బంది ఓవెన్‌తోనే.

ఈ షీటు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. వేడి మీద సాగదీసి, ఆ సాగుతోనే చల్లారుస్తారు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటి మెత్తబడగానే మళ్లీ దగ్గరికి లాక్కుంటుంది. ఓవెన్‌లో అన్ని వైపులా ఒకే వేడి, అందుకే అంతా ఒకేసారి కుంచించుకుంది.

2011లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ డికీ బృందం ఇదే షీటును వేడి కిరణాలిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద పెట్టింది. నల్ల సిరా వెలుగును బాగా పీల్చుకుని వేడెక్కుతుంది, సిరా లేని చోటు అంతగా వేడెక్కదు. గీత కింద పై పొర ముందు కుంచించుకుంటుంది, అడుగు పొర ఇంకా గట్టిగానే ఉంటుంది. దాంతో షీటు సిరా ఉన్న వైపుకి లేస్తుంది. దానికి ఎదురు వైపుకి మడత కావాలంటే గీతను వెనక వైపు వేయాలి.

గీత వెడల్పయితే కోణం పెరుగుతుంది. 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి చూడండి, సన్న పెన్ను గీతలతో పని జరగదు. మడత పడగానే దీపం ఆపేయాలి, లేదంటే వేడి అడుగుదాకా దిగి మడత మళ్లీ విప్పుకుంటుంది. కిటికీలు తెరిచి పెట్టండి, దీపం మాత్రం మీరే పట్టుకోండి.