ఏప్రిల్ ఎండను జూలైకి దాచుకోవచ్చా?

అమలాపురంలో డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్న ఒకరి ప్రశ్న ఇది: ఏప్రిల్‌లో మిగిలిపోయే కరెంటును బ్యాటరీల్లో దాచి, ముసురు పట్టే జూలైలో వాడుకోవచ్చా?

దాచవచ్చు, కానీ గిట్టదు. రోజుకు 5 యూనిట్లు వాడే ఇంటికి మూడు నెలలకు 450 యూనిట్లు కావాలి. రాత్రి అవసరానికి కొన్న బ్యాటరీ ఏడాదికి 365 సార్లు నిండి ఖాళీ అవుతుంది. ఏప్రిల్ కరెంటును జూలైకి దాచే బ్యాటరీ మాత్రం ఏడాదికి ఒక్కసారే. పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుంది?

నీటిని ఎత్తుకు తోడి, అవసరమైనప్పుడు కిందికి వదలడం మరో పద్ధతి. వెయ్యి లీటర్లను 100 మీటర్లు ఎత్తినా అందులో నిల్వ ఉండేది పావు యూనిట్ పైచిలుకే. ఒక ఫ్యాను మూడున్నర గంటలు తిరుగుతుంది. పైగా కోనసీమలో కొబ్బరిచెట్టును మించిన కొండ ఎక్కడుంది?

నెలల తరబడి నిల్వకు, కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్ నయం. కిలో తయారీకి సుమారు 50 యూనిట్లు పడుతుంది, దాన్ని మళ్లీ కరెంటుగా మారిస్తే మూడో వంతు దక్కడమే గొప్ప. దాన్ని అమ్మోనియాగా మార్చి మైనస్ 33 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై ట్యాంకులో ఉంటుంది. యూరియాకు ముడిసరుకు అదే కాబట్టి ఎరువుల పరిశ్రమకు ఈ నిల్వ కొత్తేమీ కాదు.

ఆ మాటకొస్తే డెల్టాలో పాత నిల్వ ఒకటి ఉంది: ఊక. దాళ్వా (రబీ) ధాన్యం ఆడించగా మిగిలిన ఊకను ఉప్పుడు బియ్యం మిల్లు వానాకాలంలో బాయిలర్‌లో వేస్తే, మండేది ఫిబ్రవరి, మార్చి ఎండే.

మీ ఇంటికైతే నెట్ మీటరు చాలు: మీరు గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును, గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటును రెండింటినీ లెక్కించే మీటరు ఇది. జూలైలో మీ పలకలు డీలా పడే వేళకు నైరుతి గాలులతో రాయలసీమ గాలిమరలు జోరందుకుంటాయి.