అల్లోప్యూరినాల్ పడని మేనల్లుడికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గౌట్‌కు, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బుకు, ఆ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన మూడో వారంలో జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని, గుండెజబ్బు ఉన్నందున అదే పని చేసే ఫెబుక్సోస్టాట్ కూడా వద్దన్నారని నీ ఉత్తరంలో చదివి చాలా బాధపడ్డాను. నాకూ అల్లోప్యూరినాల్ పడలేదు కనుక, ఇన్నేళ్లుగా గౌట్‌తో వేగుతూ తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందుగా అల్లోప్యూరినాల్ పేరును కాగితం మీద రాసి ఎప్పుడూ జేబులో ఉంచుకో. నీకు వచ్చినటువంటి ప్రతిచర్య తరువాత అదే మందు మళ్లీ వేసుకుంటే చర్మం ఊడి, కాలేయమూ మూత్రపిండాలూ దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవచ్చని ఎవరైనా చెబితే, అది స్వల్పంగా దద్దుర్లు వచ్చినవారి సంగతి మాత్రమేనని గుర్తుంచుకో.

తరువాత నువ్వు వేసుకునే మాత్రలన్నీ సంచిలో పెట్టుకుని కీళ్ల వైద్యుడికి చూపించు. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, లోసార్టాన్ కొంత తగ్గిస్తుంది. మా వైద్యుడు మొదటిది మాన్పించి రెండోది ఇచ్చాక, ఆ ఒక్క మార్పుతోనే నాకు నొప్పులు బాగా తగ్గాయి. ఆస్పిరిన్ కూడా కొంచెం పెంచుతుంది గాని, గుండె కోసం ఇచ్చినదాన్ని నీ అంతట నువ్వు ఆపకు. మూత్రపిండాలు బాగుండి, రాళ్లు లేకపోతే యూరిక్ యాసిడ్‌ను మూత్రంలోకి పంపే ప్రోబెనిసిడ్ గురించి అడుగు. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల కంటే తగ్గాలి. చర్మం కింద గడ్డలు కట్టి ఉంటే 5 కంటే తగ్గాలి. ఏదీ కుదరని కఠినమైన గౌట్‌కు రక్తనాళంలోకి ఎక్కించే పెగ్లోటికేజ్ అనే మందు కూడా ఉంది గాని, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి అది ఇవ్వకూడదు.

నొప్పి మొదలైన రోజునే, వైద్యుడు చెప్పిన తక్కువ మోతాదులో, వాపును తగ్గించే కోల్చిసిన్ మాత్ర వేసుకో. గుండెజబ్బు ఉన్న నీకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మంచిది కాదు. ఒక్క కీలే వాస్తే అందులోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వగలరు.

మీ అత్తయ్య నాకు రెండేళ్లు కందిపప్పు, పాలకూర మాన్పించింది. ఆ పథ్యం అనవసరమని తరువాత తెలిసింది. మానవలసినవి బీరు, మేక కాలేయం, నెత్తళ్లు, తీపి కూల్‌డ్రింకులు. పథ్యం ఒక్కదానితో యూరిక్ యాసిడ్ పెద్దగా దిగదు. కత్తిరి ఎండల్లో మాత్రం, మీ గుండె వైద్యుడు పరిమితి పెట్టకపోతే, నీళ్లు బాగా తాగు.

నొప్పి పూర్తిగా తగ్గిన రెండు వారాలకు రక్తపరీక్ష చేయించు, ఎందుకంటే నొప్పి ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించి, ఆ కాగితాలతో నెల్లూరులో రైలెక్కు. చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది. అరవంలో మాట్లాడడానికి నేను వెంట వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య