పాఠకుల సందేహాలు: చెదిరిన కంపానా సేకరణ

ప్రశ్న: ఖిలా వరంగల్‌లోని ఖుష్ మహల్‌లో విడివిడిగా ఉంచిన శిల్పాలను చూసినప్పుడల్లా ఇవి మొదట ఏ గుడివో, వీటి పక్కన ఏముండేదో అనిపిస్తుంది. ఇటలీకి చెందిన కంపానా కళాఖండాల సేకరణను పారిస్‌లో మళ్లీ ఒకచోట చేర్చి చూపారని చదివాను. అది ఎందుకు చెదిరింది? కలిపినదాన్ని అలాగే ఉంచేయకూడదా?
– విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, హనుమకొండ

జవాబు: అప్పు వల్ల చెదిరింది మాస్టారూ. దాన్ని కూడబెట్టిన జాంపియెత్రో కంపానా రోమ్‌లో పోప్ ప్రభుత్వం నడిపే కుదువ బ్యాంకుకు 1833 నుంచి డైరెక్టరు. పేదసాదల సొత్తు కుదువ పెట్టుకుని అప్పులివ్వవలసిన ఆ సంస్థలో తన కళాఖండాలను తానే కుదువ పెట్టి, ఆ సొమ్ముతో మరిన్ని కొంటూ పోయాడు. 1857లో అరెస్టయ్యాడు, మరుసటి ఏడాది పడిన 20 ఏళ్ల శిక్ష తరువాత దేశబహిష్కారంగా మారింది. ప్రభుత్వం బాకీ కింద జప్తు చేసిన సేకరణలో కొన్ని శిల్పాలను లండన్‌లోని ఒక మ్యూజియం, తనకు నచ్చినవాటిని రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ తీసుకోగా, మిగిలిన 10,000కు పైగా వస్తువులను 1861లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్ కొన్నాడు.

నా దృష్టిలో ఆ తరువాత జరిగినదే ఎక్కువ అన్యాయం. 1862లో పారిస్‌లో ఈ సేకరణకు ప్రత్యేకంగా మ్యూజియం తెరిచి, కొన్ని నెలలకే మూసేసి, మేలైనవనుకున్నవి పారిస్‌లోని పెద్ద మ్యూజియం లూవ్ర్‌లో ఉంచుకుని, తక్కినవి ఊరూరి మ్యూజియాలకు పంచిపెట్టారు. బాకీ తీర్చుకునే అవసరం కూడా అప్పుడు లేదు.

లూవ్ర్‌లో మిగిలినవాటిలో ఇటలీలోని చెర్వెతెరిలో దొరికిన ఎట్రస్కన్ (రోమన్ల కంటే ముందు ఇటలీలో వర్ధిల్లిన జాతి) దంపతుల శవపేటిక ఒకటి. సుమారు 2,500 ఏళ్ల కిందటి మట్టి శిల్పమది. విందులో ఉన్నట్టు ఒకే మంచం మీద ఒరిగి ఉన్న జంటలో మగవాడి చేయి ఆమె భుజం మీద ఉంటుంది. దాన్ని ముక్కల నుంచి అతికారు.

2018 నవంబరు నుంచి 2019 ఫిబ్రవరి వరకు జరిగిన లూవ్ర్ ప్రదర్శనలో, రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియం సహకారంతో, 500కు పైగా వస్తువులను కలిపి చూపారు. అవి వేర్వేరు దేశాల ఆస్తి కనుక ఎవరివి వారికి చేరవలసిందే. అయితే ఈ సేకరణలోంచి ఫ్రాన్స్‌లో చెల్లాచెదురైన తొలినాటి ఇటలీ చిత్రాలను మాత్రం 1976లో ఆ దేశంలోని ఆవిన్యోఁ నగరంలో తెరిచిన పెతీ పాలే మ్యూజియంలో శాశ్వతంగా కలిపారు. ఒకే దేశంలో ఉన్నవి గనుకనే అది సాధ్యపడింది.

ప్రశ్న: మన దగ్గర చెదరకుండా మిగిలిన సేకరణ ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: హైదరాబాదులోని సాలార్‌జంగ్ సేకరణ ఉందమ్మా. మూడవ సాలార్‌జంగ్ 1949లో సంతానం లేకుండా మరణించగా, 1951లో మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం దానికి రక్షణ కల్పించింది. అక్కడ, కంపానా కాలంలోనే రోమ్‌లో పనిచేసిన ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహాన్ని తప్పక చూడు. ముసుగూ, దాని వెనుక కనిపించే ముఖమూ ఒకే పాలరాయి. శుక్రవారం సెలవు.